మన సాంబ మసూరికి మూలవిత్తు వేసిన రామయ్య

బాపట్ల: తెనాలి బియ్యం అంగళ్లలోను, రేపల్లె మిల్లులలోను బీపీటీ మాట వినబడని రోజు ఉండదు. బస్తాపై ఆ మూడక్షరాలు కనిపిస్తే కొనుగోలుదారు మరో ప్రశ్న వేయడు. బీపీటీ అంటే బాపట్ల అని, 5204 అన్నది ఇక్కడి వరి పరిశోధనలో ఆ వంగడానికి దక్కిన సంఖ్య అని ఈ ప్రాంత రైతాంగానికి తెలుసు. 1986లో విడుదలైన ఆ సాంబ మసూరి వంశవృక్షాన్ని పైకి తడుముకుంటూ వెళితే మాత్రం రెండు ప్రధాన శాఖలు ఒకే వ్యక్తి పనిచేసిన చోటుకు, ఒకే వ్యక్తి తలపెట్టిన పథకానికి చేరుతాయి. ఆయనే భారతదేశంలో వరి జన్యుశాస్త్రానికి పునాదులు వేసినవారిలో అగ్రగణ్యుడైన డాక్టర్ కృష్ణస్వామి రామయ్య. తమిళనాట 1892లో జన్మించి, 1988లో కన్నుమూసిన ఈ శాస్త్రవేత్త పేరు దేశమంతటా వరి పరిశోధకులకు సుపరిచితం. ఆయన కృషి ఫలాన్ని నిత్యం భుజిస్తున్న కృష్ణా పశ్చిమ డెల్టాలో మాత్రం ఆ పేరు అంతగా వినబడదు.

కోయంబత్తూరులో తొలి అడుగులు

ఆనాడు గుంటూరు జిల్లా మద్రాసు రాష్ట్రంలో భాగం. మన డెల్టా వరి మంచిచెడ్డలు చూసే శాస్త్ర యంత్రాంగానికి కేంద్రం కోయంబత్తూరు. 1912లో అక్కడ వరి ప్రజనన కేంద్రం ఏర్పడింది. ప్రభుత్వ ఆర్థిక వృక్షశాస్త్రవేత్త హోదాలో పార్నెల్ అనే ఆంగ్లేయుడు దానికి ఆధిపత్యం వహించారు. కోయంబత్తూరు వ్యవసాయ కళాశాలలో చదువు ముగించిన రామయ్య ఆ కేంద్రం తొలినాళ్లలోనే అందులో చేరారు. తరువాతి కాలంలో కేంబ్రిడ్జికి వెళ్లి పై చదువులు చదివివచ్చారు.

బఠాణీ మొక్కలపై మెండెల్ కనుగొన్న వారసత్వ సూత్రాలు 1900లో తిరిగి వెలుగులోకి వచ్చాయి. అవి వరికి కూడా వర్తిస్తాయా అన్నది అప్పటికి తేలని ప్రశ్న. వరి తనలో తానే పరాగ సంపర్కం జరుపుకొనే మొక్క. పూత దశలో పూటకు ఒకటి రెండు గంటలు మాత్రమే ఊక తెరుచుకుంటుంది. ఆలోగా పుప్పొడి సొంత కీలాగ్రంపైనే రాలిపోతుంది. రెండు రకాలను కలపాలంటే ఆ ఊక తెరుచుకోకముందే కొసను కత్తిరించి, ఆరు కేసరాలను శ్రావణంతో ఒక్కొక్కటిగా తొలగించి, వేరొక మొక్క పుప్పొడిని దులిపి, కంకికి కాగితపు సంచి తొడగాలి. ఒక్కో పువ్వుకు దక్కేది ఒక్కటే గింజ. పార్నెల్, రంగస్వామి అయ్యంగార్, రామయ్య కలిసి ఇటువంటి సంకరాలతో ఆకుల రంగు, ఊక రంగు వంటి లక్షణాలు ఏ నిష్పత్తిలో తరువాతి తరాలకు సంక్రమిస్తున్నాయో లెక్కగట్టి 1917లో ప్రచురించారు. వరి లక్షణాల వారసత్వంపై మన దేశంలో వెలువడిన తొలి రచనలలో అది ఒకటి.

ఆ కేంద్రం నుంచే 1921లో జీఈబీ 24 అనే వంగడం వచ్చింది. ఇందులో జీఈబీ అన్నది పార్నెల్ హోదాకు పొట్టి పేరే. కోనామణి అనే రకం చేనులో ప్రకృతి సిద్ధంగా మార్పు చెందిన మొక్కను గుర్తించి, ఆ ఒక్కదాని విత్తనాన్నే వేరుగా పెంచి దీనిని రూపొందించారు. సన్నని గింజ, చక్కని అన్నం దీని ఆస్తి. మద్రాసు రాష్ట్రమంతటా విస్తరించిన ఈ రకం, తరువాతి కాలంలో వందలాది వంగడాలకు పూర్వీకురాలైంది. ఫిలిప్పీన్స్‌లోని అంతర్జాతీయ వరి పరిశోధనా సంస్థ తెచ్చిన ఐఆర్ 20లో సైతం టీకేఎం 6 ద్వారా జీఈబీ 24 రక్తమే ప్రవహిస్తోంది. సాంబ మసూరికి ఇది మొదటి శాఖ.

దిగుబడిని విడదీసి చూసిన దృష్టి

ఆకు రంగు వంటి లక్షణం ఉంటే ఉంటుంది, లేకుంటే లేదు. రైతుకు కావలసిన దిగుబడి అలా తేలదు. ఒక చేనుకు మరో చేనుకు, ఒక ఏటికి మరో ఏటికి, ఎరువుకు, నీటికి అది మారిపోతూనే ఉంటుంది. రామయ్య కృషిలో అసలు విలువ ఇక్కడే ఉంది. దిగుబడికి తోడ్పడే లక్షణాలను ఆయన ఒక్కొక్కటిగా చేతిలోకి తీసుకున్నారు. పూతకు వచ్చే రోజులు, మొక్క ఎత్తు, గింజ పొడవు ఎలా సంక్రమిస్తాయన్న విషయంపై 1930వ దశకం తొలి సంవత్సరాలలో వరుసగా పరిశోధనా పత్రాలు వెలువరించారు. కొన్ని సంకరాలలో పొడుగు, పొట్టి అన్న తేడా ఒకే జన్యువుపై ఆధారపడి మూడుకు ఒకటిగా విడిపోతుందని, మరికొన్నింటిలో అనేక జన్యువులు కొద్దికొద్దిగా చేతులు కలుపుతాయని ఈ పరిశీలనలలో తేలింది. పూత కాలం విషయంలోనూ ఇదే తీరు.

దీని ప్రాధాన్యం మన రైతుకు బస్తాల లెక్కలో చెబితే తేలికగా అర్థమవుతుంది. చదరపు మీటరుకు 300 కంకులు, కంకికి 150 గట్టి గింజలు, వెయ్యి గింజల బరువు 15 గ్రాములు అనుకుందాం. మూడింటినీ హెచ్చవేస్తే మీటరుకు 675 గ్రాములు, ఎకరాకు రమారమి 2,730 కిలోలు, అంటే 75 కిలోల బస్తాలు 36. కంకికి గట్టి గింజలు 20 తగ్గి తాలుగా మారితే 31 బస్తాలు దాటడం కష్టం. పిలకలు పెంచుదామంటే కంకి చిన్నదవుతుంది. గింజ లావు పెంచుదామంటే సంఖ్య తగ్గుతుంది, పైగా సన్నబియ్యం ధర పోతుంది. ఒకదానిని లాగితే మరొకటి జారే ఈ పీటముడిని విప్పాలంటే ఏ లక్షణం ఏ మేరకు వంశపారంపర్యమో, ఏది నేల, నీరు, ఎరువుల ఫలితమో ముందుగా తెలియాలి. బాగా పండిన దుబ్బును చూసి విత్తనం దాచడం రైతు అనాదిగా చేస్తున్న పని. ఆ దుబ్బు గట్టు పక్కన ఎరువు ఎక్కువ అంది బలిసిందో, పుట్టుకతోనే మేలైనదో కంటిచూపుతో చెప్పలేము. దాని సంతానాన్ని వరుసలుగా నాటి, తరతరానికీ కొలతలు తీయవలసిందే. రామయ్య చేసినదీ, చేయించినదీ అదే.

మద్రాసు రాష్ట్ర వరి నిపుణుడిగా ఆయన పనిచేసిన ఆ రోజులలో తెలుగునాట కేంద్రాలు కూడా ఆ వ్యవస్థలో భాగమే. పశ్చిమ గోదావరిలోని మారుటేరు కేంద్రం 1925లో మొదలైంది. అక్కుళ్లు, కృష్ణ కాటుకలు వంటి డెల్టా పాత రకాలను మెరుగుపరచే ప్రయత్నాలు సాగినది ఆ తరహా కేంద్రాలలోనే. బాపట్ల వ్యవసాయ కళాశాల 1945లో గాని రాలేదు.

అదే దశకంలో పార్థసారథి తదితరులతో కలిసి వరిలో సగం క్రోమోజోములే ఉన్న మొక్కను రామయ్య వర్ణించారు. ఎక్స్ కిరణాలతో వరి గింజలలో మార్పులు కలిగించి చూశారు. అవి ఆనాటికి రైతుకు నేరుగా అక్కరకు వచ్చిన పనులు కావు. తరువాత కొన్నేళ్లు ఇండోర్‌లోని పరిశోధనా సంస్థలో పత్తిపై కృషి చేశారు. వరి ఆయనను మళ్లీ వెనక్కు పిలిచింది.

కరువు తెచ్చిన సంస్థ

1943 బెంగాల్ క్షామం లక్షలాది ప్రాణాలను బలిగొంది. యుద్ధకాలపు పాలనా వైఫల్యాలతోపాటు అంతకుముందు ఏడాది వరికి సోకిన గోధుమ రంగు మచ్చ తెగులును కూడా దానికి ఒక కారణంగా చెబుతారు. దేశానికి వరిపైనే దృష్టి పెట్టే పరిశోధనా సంస్థ అవసరమన్న నిర్ణయానికి ఆ క్షామమే దారితీసింది. 1946లో ఒరిస్సాలోని కటక్‌లో కేంద్రీయ వరి పరిశోధనా సంస్థ ప్రారంభమైంది. తరువాతి కాలంలో జాతీయ వరి పరిశోధనా సంస్థగా పిలిచినది దానినే. వ్యవస్థాపక సంచాలకుడిగా ప్రభుత్వం రామయ్యను ఎంచుకుంది.

అప్పటికి ఆయన ముందున్న సమస్య ఒక్కటే. మన ఇండికా వరి రకాలు ఎండకు, వరదకు, తెగుళ్లకు తట్టుకుంటాయి. ఎరువు వేస్తే మాత్రం ఏపుగా పెరిగి, గింజ బరువుకు నేలకు ఒరిగిపోతాయి. జపాన్ ప్రాంతపు జపానికా రకాలు ఎరువును గింజగా మార్చుకోగలవు. అయితే అవి మన వాతావరణంలో ఇమడవు. వాటి అన్నం ముద్దగా ఉండటంతో మనవారికి రుచించదు. ఈ రెండింటినీ కలిపి, ఇండికా తట్టుకునే గుణాన్నీ జపానికా ఎరువు గుణాన్నీ ఒకే మొక్కలో చేర్చాలని రామయ్య ప్రతిపాదించారు. ఐక్యరాజ్యసమితి ఆహార, వ్యవసాయ సంస్థ 1950లో ఈ ఆలోచనను చేపట్టింది. ఆసియా దేశాలు తమ మేలైన రకాలను పంపితే కటక్‌లో సంకరం చేసి, విత్తనాన్ని ఆయా దేశాలకు తిరిగి పంపే ఏర్పాటు జరిగింది. రామయ్య స్వయంగా ఆ అంతర్జాతీయ సంస్థలో వరి నిపుణుడిగా సేవలందించారు.

ఫలితం ఆశించినంతగా రాలేదు. ఇండికా, జపానికా దూరపు చుట్టాలు. వాటి సంతానంలో చాలా మొక్కలు తాలు కంకులు వేశాయి. గింజ నిలిచినవాటిలో కొన్ని నూర్పిడికి ముందే రాలిపోయాయి. వందలాది సంకరాలు, సంవత్సరాల శ్రమ తరువాత రైతు చేతికి వెళ్లినవి నాలుగే: తంజావూరు ప్రాంతానికి ఏడీటీ 27, మలేషియాకు మాలింజ, మాసూరి, ఆస్ట్రేలియాకు సర్క్నా. ఈ పథకాన్ని విఫల ప్రయోగాల జాబితాలో చేర్చినవారు ఉన్నారు. అంకెలనే చూస్తే వారి మాటను కొట్టిపారేయలేము. ఆ నాలుగింటిలో ఒకటి కృష్ణా డెల్టాకు వచ్చి ఏం చేసిందో చూసినవారికి మాత్రం ఆ తీర్పు తొందరపాటుగా తోస్తుంది.

కాదన్న వరి కొంగుబంగారమైంది

మలేషియాలోని మాయాంగ్ ఎబోస్ 80 అనే ఇండికా రకాన్ని తైవాన్‌కు చెందిన తైచుంగ్ 65 అనే జపానికా రకంతో కలపగా వచ్చిన సంతానమిది. మలేషియాలో జపాన్ నిపుణుల తోడ్పాటుతో ఎంపిక సాగి 1965లో విడుదలైంది. లంకావి ద్వీపపు జానపద గాథలోని మాసూరి అనే స్త్రీ పేరు దీనికి పెట్టారు. మసూరి అన్నది మైసూరు నుంచి వచ్చిన మాట అని మన అంగళ్లలో నేటికీ అనుకుంటారు. దానికి మైసూరుతో ఎటువంటి సంబంధం లేదు. సాంబ అన్నది మాత్రం తమిళ రైతుల మాట.

1967-68 ప్రాంతంలో మసూరి పరీక్షల నిమిత్తం మన దేశానికి వచ్చింది. పొడవుగా పెరిగి ఒరిగిపోతుందన్న కారణంతో అధికారులు దానిని పక్కన పెట్టారు. ఆంధ్రలో ఒక వ్యవసాయ కూలీ గుప్పెడు గింజలు తీసుకుపోయి నాటాడని, ఆ చేను చూసి చుట్టుపక్కల రైతులు విత్తనం అడిగి పట్టుకుపోయారని వ్యవసాయ విస్తరణ పండితులు తమ రచనలలో నమోదు చేశారు. ఆ కూలీ పేరు మాత్రం ఎక్కడా నమోదు కాలేదు. ప్రభుత్వ సిఫారసు లేకుండానే మసూరి దేశంలో అత్యధికంగా సాగయ్యే రకాలలో ఒకటిగా ఎదిగింది. తక్కువ ఎరువుతో పండటం, మిల్లులో బియ్యం బాగా దిగటం, అన్నం రుచిగా ఉండటం రైతుకు నచ్చాయి. పరీక్షా క్షేత్రంలో కొలిచిన లక్షణాలు వేరు, రైతు కొలిచినవి వేరు.

పొడవు వల్ల వచ్చిన చిక్కును తీర్చే పనిని మన శాస్త్రవేత్తలు చేపట్టారు. మారుటేరులో మసూరి సంతానంగా స్వర్ణ పుట్టింది. బాపట్లలో జీఈబీ 24ను తైచుంగ్ నేటివ్ 1 అనే తైవాన్ పొట్టి రకంతో కలిపి, ఆ సంతానాన్ని మసూరితో సంకరం చేశారు. పొట్టి కాడ తైవాన్‌ది, సన్నని గింజ కోయంబత్తూరుది, మిగిలిన మేలి గుణాలు మసూరివి. తరాల తరబడి ఎంపిక సాగించి బీపీటీ 5204ను తీర్చిదిద్దిన ఘనత అచ్చంగా బాపట్ల శాస్త్రవేత్తలదే. రామయ్య ఈ వంగడాన్ని సృష్టించలేదు. దాని ముగ్గురు పూర్వీకులలో ఒకటి ఆయన పనిచేసిన కేంద్రం నుంచి, మరొకటి ఆయన తలపెట్టిన పథకం నుంచి రావడమే ఇక్కడి విశేషం.

సాంబ మసూరి విడుదలైన 1986 నాటికి రామయ్య వయస్సు 94 సంవత్సరాలు. అంతకుముందే ఆయనను అనేక గౌరవాలు వరించాయి. 1957లో పద్మశ్రీ, 1970లో పద్మభూషణ్ పురస్కారాలు లభించాయి. 1968 నుంచి 1974 వరకు రాష్ట్రపతి నామనిర్దేశం చేసిన సభ్యునిగా రాజ్యసభలో ఉన్నారు. వరి ప్రజననం, జన్యుశాస్త్రంపై ఆయన రచించిన గ్రంథం 1953లో భారత వ్యవసాయ పరిశోధనా మండలి ప్రచురణగా వెలువడి, ఒక తరం విద్యార్థులకు పాఠ్యగ్రంథమైంది.

ఆయన వెతికిన జన్యువులు

రామయ్య కాలంలో జన్యువు అంటే రెండో తరంలో లెక్కకు తేలే ఒక నిష్పత్తి మాత్రమే. అది ఏ క్రోమోజోములో ఎక్కడ ఉందో చూసే సాధనం లేదు. తైచుంగ్ నేటివ్ 1, ఐఆర్ 8 వంటి పొట్టి రకాలకు మూలమైన జన్యువును 2002లో గుర్తించారు. కంకికి గింజల సంఖ్యను నియంత్రించే ఒక ముఖ్య జన్యువును 2005లో జపాన్ శాస్త్రవేత్తలు కనుగొన్నారు. కంకి కట్టే దశలో గింజల సంఖ్యను పెంచే సైటోకైనిన్ అనే పదార్థాన్ని విచ్ఛిన్నం చేయడం ఈ జన్యువు పని. అది మందగిస్తే కంకిలో గింజలు పెరుగుతాయి. కంకికి 20 గింజల తేడా ఎకరాకు నాలుగైదు బస్తాలన్న పై లెక్కను ఇక్కడ గుర్తుకు తెచ్చుకోవచ్చు.

ఆ పరిశోధన తిరిగి మన బాపట్ల వరి వద్దకే వచ్చింది. హైదరాబాద్‌లోని భారత వరి పరిశోధనా సంస్థ శాస్త్రవేత్తలు సాంబ మసూరిలోనే ఆ జన్యువును సవరించి, డీఆర్ఆర్ ధాన్ 100 అనే వంగడాన్ని రూపొందించారు. దీనికి కమల అని పేరు. 2025 మే 4న కేంద్ర వ్యవసాయ మంత్రి ఢిల్లీలో దీనిని ప్రకటించారు. సాంబ మసూరి హెక్టారుకు సగటున 4.5 టన్నులు ఇస్తే కమల 5.37 టన్నులు ఇచ్చిందని, 20 రోజులు ముందుగా కోతకు వస్తుందని సంస్థ తెలిపింది. మన లెక్కలో ఇది ఎకరాకు 24 బస్తాల నుంచి 29 బస్తాలకు పెరగడం. డెల్టా రైతుకు 24 బస్తాలు తక్కువగానే తోచవచ్చు. అది పలు రాష్ట్రాల సగటు అని గమనించాలి. క్షేత్ర పరీక్షల లెక్కలను కొన్ని స్వచ్ఛంద సంఘాలు ప్రశ్నించాయి. కొత్త వంగడాల విత్తన హక్కుల విషయంలోనూ చర్చ సాగింది.

దిగుబడి కంటే ఆ 20 రోజులే ఈ ప్రాంతానికి ముఖ్యమని చెప్పవచ్చు. సాంబ మసూరి 145 నుంచి 150 రోజుల పంట. కాలువ నీరు ఆలస్యంగా అందే రేపల్లె వైపు శివారు భూములలో ఊడ్పులు వెనకబడితే కోతలు డిసెంబరులోకి జరుగుతాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల సమీపంలోనే తీరం దాటింది. కోతకు సిద్ధమైన చేలు నేలకొరిగాయి, కోసిన పనలు నీటిపాలయ్యాయి. ఎండాకు తెగులు కూడా సాంబ మసూరికి పాత శత్రువే. దానిని తట్టుకునే మూడు జన్యువులను చేర్చిన మెరుగైన సాంబ మసూరిని హైదరాబాద్ శాస్త్రవేత్తలు 2008లో తెచ్చారు.

పూతకు వచ్చే రోజుల వారసత్వంపై రామయ్య కోయంబత్తూరు మడులలో లెక్కలు మొదలుపెట్టి తొంభై ఏళ్లు దాటింది. ఆ రోజులలో రోజూ ఉదయం ప్రతి మొక్కనూ పరిశీలించి, తొలి కంకి బయటపడిన తేదీని చీటీపై రాసి కట్టేవారు. బాపట్ల ప్రయోగ క్షేత్రాలలో ఈ సార్వాలోనూ ఆ చీటీలు కనిపిస్తాయి.